బీ ఫారం ఉన్నా నామినేషన్ వెనక్కి ఇచ్చారు, రేపే ఆఖరు

వెదురుబుట్ట (2023 నవంబర్ 9, రాత్రి 9:50)
మధ్యాహ్నం నుంచి తల పట్టుకుని కూర్చున్నాను. మా బావగారు పోటీ చేస్తున్నారు. బీ ఫారం, అఫిడవిట్, ఫొటోలు, డిపాజిట్ డబ్బు అన్నీ తీసుకెళ్లాం. సహాయ కేంద్రంలో ఉన్నాయన రెండు పేజీలు తిరగేసి, ‘ఇది మీరు నింపాల్సింది కాదు, రెండో భాగం నింపుకు రండి’ అని చేతిలో పెట్టారు. అదేమిటని అడిగితే వెనక వరుస చూపించారు. 2019లోనూ ఇదే పార్టీ, ఇదే బావగారు. అప్పుడు ఏ పేచీ లేదు. కుట్టు మిషను గుర్తు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ గుర్తు మాదని ఎక్కడా లేదట. పార్టీ మారలేదు, మనిషి మారలేదు, ఎన్నికల సంఘమూ మారలేదు. మరి ఏమి మారినట్టు?

గట్టుమీద (రాత్రి 9:58)
2019లో దేనికి పోటీ చేశారు?

వెదురుబుట్ట (రాత్రి 10:03)
జడ్పీటీసీ. ఇప్పుడు ఎమ్మెల్యే. అది తెలిసిందే కదా, ఇప్పుడు నడుస్తున్న నామినేషన్లు అవే.

గట్టుమీద (రాత్రి 10:04)
ప్రతిపాదించినవారు ఎంతమంది?

వెదురుబుట్ట (రాత్రి 10:06)
ఒకరు. మా పెదనాన్నగారు. 2019లోనూ ఆయనే.

గట్టుమీద (రాత్రి 10:06)
పదిమంది కావాలి.

నల్లగొండ మాస్టారు (రాత్రి 10:21)
పదిమంది ఎందుకో కూడా చెప్పాలి. ఊరికే పది అంటే ఆయనకు ఎలా అర్థమవుతుంది? 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని మా నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం కాదది, పుస్తకం. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. దానితో చట్టం సవరించారు. అంతవరకు అసెంబ్లీ ధరావతు (డిపాజిట్) 250 రూపాయలే, దాన్ని 5,000 చేశారు. తర్వాత 10,000 అయింది. గుర్తింపు లేని పార్టీలకూ స్వతంత్రులకూ పది సంతకాల నిబంధన అప్పుడే వచ్చింది. మేము నీళ్లు అడిగితే వాళ్లు సంతకాలు అడిగారు. అయినా 2019లో నిజామాబాద్ రైతులు 185 మందితో బ్యాలెట్ నింపి చూపించారు కదా! ఎన్ని సంతకాలు అడిగినా కడుపు మండినవాడు ఆగడు. ఇంకొక మాట. ‘డిపాజిట్ గల్లంతు’ అని పత్రికలు రాస్తాయి. ధరావతు ఎక్కడా గల్లంతు కాదు, భద్రంగా ఖజానాకే చేరుతుంది.

వెదురుబుట్ట (రాత్రి 10:30)
మాస్టారూ, నాకు పదిహేడు గంటల సమయం ఉంది. మా పార్టీకి గుర్తింపు లేదని ఎవరన్నారు? ఢిల్లీ నుంచి వచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం ఉంది.

కృష్ణ ఒడ్డు (రాత్రి 10:34)
రిజిస్టర్ చేయడమంటే గుర్తించినట్టే కదా. రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఫోన్ చేసి గట్టిగా అడగండి.

గట్టుమీద (రాత్రి 10:35)
రెండూ తప్పు.

పాత గుమాస్తా (రాత్రి 10:52)
కాస్త విడమరిచి చెబుతాను. నేను మూడు ఎన్నికల్లో రిటర్నింగ్ అధికారి (ఆర్వో) కార్యాలయంలో పని చేశాను.

రాష్ట్ర ఎన్నికల సంఘం అనేది పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాల ఎన్నికలకు మాత్రమే. శాసనసభ ఎన్నిక భారత ఎన్నికల సంఘం చూస్తుంది. రెండింటికీ వేరు వేరు గుర్తుల జాబితాలు, వేరు నిబంధనలు. కాబట్టి జడ్పీటీసీలో వచ్చిన కుట్టు మిషను ఇక్కడికి నడిచి రాదు. వెదురుబుట్ట గారు ‘ఎన్నికల సంఘమూ మారలేదు’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ఫోన్ చేయాలనుకుంటే 1950కి చేయండి.

ఇక పార్టీ. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద ఎవరైనా రిజిస్టర్ చేసుకోవచ్చు. గుర్తింపు ఓట్లు, సీట్లు సంపాదిస్తేనే వస్తుంది. మీది రిజిస్టరైన, గుర్తింపు లేని పార్టీ. ఫారం 2బీలో మొదటి భాగం గుర్తింపు ఉన్న పార్టీలవారిది, అక్కడ ఒక్క సంతకం చాలు. మీరు నింపాల్సింది రెండో భాగం, పది వరుసల పట్టిక. పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లు కావాలి. పార్ట్ నంబరు, వరుస సంఖ్య ఓటర్ల జాబితాలో చూసి రాయండి, గుర్తున్నాయని రాయకండి. వేలిముద్ర వేసేవారు ఉంటే ఇంట్లో వేయించకండి, అధికారి ఎదుటే వేయాలి.

మీ పార్టీ కనీసం అయిదు శాతం స్థానాల్లో పోటీ చేస్తానని ముందే దరఖాస్తు పెట్టి ఉంటే అందరికీ ఒకే గుర్తు వచ్చేది. తెలంగాణలోని 119 స్థానాలకు లెక్క వేస్తే ఆరు. పెట్టారా?

వెదురుబుట్ట (రాత్రి 11:10)
లేదనుకుంటాను. ఇద్దరే పోటీ చేస్తున్నారు.

పాత గుమాస్తా (రాత్రి 11:18)
అయితే మూడో భాగంలో ఖాళీ గుర్తుల (ఏ పార్టీకీ కేటాయించనివి) జాబితా నుంచి మూడు, ఇష్టమైన వరుసలో రాయండి. కుట్టు మిషను ఆ జాబితాలో ఉంటే మొదట అదే రాయండి. స్వతంత్రుడు ఎవరైనా అదే అడిగితే సాధారణంగా మీకే ముందు ఇస్తారు. అదొక్కటే మీ బీ ఫారం వల్ల లాభం. అయితే ‘ఏ’ ఫారం కూడా ఉండాలి, అంటే బీ ఫారం మీద సంతకం పెట్టే అధికారం ఎవరిదో పార్టీ చెప్పే పత్రం. రెండింటి మీదా సిరా సంతకమే, జిరాక్స్ చెల్లదు. రేపు మధ్యాహ్నం మూడు గంటల లోపే అందాలి.

వెదురుబుట్ట (రాత్రి 11:21)
‘ఏ’ ఫారమా??

గట్టుమీద (రాత్రి 11:22)
ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరిచారా? నామినేషన్‌కు ఒక రోజు ముందే ఉండాలి.

వెదురుబుట్ట (రాత్రి 11:25)
అది సోమవారమే తెరిచాం. ‘ఏ’ ఫారం కోసం పార్టీ కార్యదర్శిగారిని ఇప్పుడే నిద్ర లేపాను. హైదరాబాద్ నుంచి తెల్లవారి బస్సులో పంపిస్తారట.

కృష్ణ ఒడ్డు (రాత్రి 11:40)
గుర్తుల మాట వచ్చింది కాబట్టి అంటున్నాను. బీఆర్ఎస్ కారు గుర్తును పోలిన గుర్తులు ఎంచుకుని ఇంకొకరి ఓట్లు చీల్చడానికే ఈ చిన్న పార్టీలు. నిరుడు మునుగోడు ఉప ఎన్నికలో చూశాం కదా రోడ్డు రోలర్.

నల్లగొండ మాస్టారు (రాత్రి 11:55)
మునుగోడు మా జిల్లా, నన్ను అడగండి. యుగ తులసి పార్టీ అభ్యర్థికి లాటరీలో వచ్చిన గుర్తు అది. రిటర్నింగ్ అధికారి దాన్ని తీసేసి బేబీ వాకర్ ఇచ్చారు. ఎన్నికల సంఘం మళ్లీ రోడ్డు రోలరే ఇప్పించి, ఆ అధికారినే మార్చింది. తప్పు చిన్న పార్టీదా?

కృష్ణ ఒడ్డు (రాత్రి 11:58)
నేను ఓట్ల సంగతి అంటుంటే మీరు అధికారి సంగతి చెబుతున్నారు.

పాత గుమాస్తా (నవంబర్ 10, ఉదయం 6:40)
వీరి వాదనలో పడి అసలు సంగతి మరిచిపోకండి. నామినేషన్ ఇచ్చాక బావగారు ప్రమాణం చేయాలి, అదీ పరిశీలన తేదీకి ముందే. పరిశీలన 13న. మధ్యలో దీపావళి ఉంది, కాబట్టి ఈరోజే చేయించేయండి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీ వదలకండి. ఆస్తి లేకపోతే ‘లేదు’ అని రాయాలి.

వెదురుబుట్ట (సాయంత్రం 4:20)
వేశాం. ఏడో సంతకం పెట్టిన పిల్లవాడి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని పన్నెండింటికి తేలింది. పాలు పోసే ఆయనను బండి మీద ఎక్కించుకొచ్చాం. ప్రమాణమూ అయింది. థ్యాంక్స్.

నల్లగొండ మాస్టారు (సాయంత్రం 5:05)
శుభం. ధరావతు దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, నోటా ఆ లెక్కలోకి రాదు. దీని మీద విడిగా రాస్తాను.

గట్టుమీద (సాయంత్రం 5:06)
వద్దు.

పాత గుమాస్తా (నవంబర్ 16, ఉదయం 8:15)
నిన్నటితో ఉపసంహరణ ముగిసింది కదా. ఇంతకీ కుట్టు మిషను వచ్చిందా?