యవనులంటే ఎవరు? ‘యవనిక’కీ వాళ్ళకీ చుట్టరికం ఉందా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈ వారం పాఠంలో ‘రాజకీయ యవనిక’ అనే మాట తగిలింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “మేడమ్, యవనిక అంటే యవనులు తెచ్చిన తెరా?” అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. “సోషల్లో యవనులంటే గ్రీకులన్నారు. మరి కృష్ణదేవరాయల బిరుదు ‘యవనరాజ్య స్థాపనాచార్య’ కదా, రాయలవారు గ్రీకులకు రాజ్యం నిలబెట్టారా?” అని రెండోది వదిలాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే గ్రీకు, తురుష్కుడు రెండు అర్థాలూ కనిపిస్తున్నాయి. రెండూ ఒకే మాటేనా? ఏది ముందు?

* * *

ఒకే మాటేనమ్మా. చేతులు మారుతూ వచ్చింది, అంతే.

ఇప్పటి టర్కీ పడమటి తీరంలో మిలేటస్, ఎఫెసస్ లాంటి గ్రీకు పట్టణాలు ఉండేవి. ఆ ప్రాంతం పేరు అయోనియా. అక్కడివాళ్ళు గ్రీకుల్లో ఒక తెగ మాత్రమే. స్పార్టావాళ్ళు ఆ తెగ కాదు, అలెగ్జాండర్ పుట్టిన మాసిడోనియావాళ్ళూ కాదు. గ్రీకులందరూ కలిసి తమకు పెట్టుకున్న పేరు హెల్లెనీలు. కానీ తూర్పు నుంచి వచ్చేవాడికి మొదట ఎదురయ్యేది ఈ అయోనియా తీరమే. క్రీ.పూ. 540ల్లో పారశీక చక్రవర్తి సైరస్ సేనలు ఈ పట్టణాలను పట్టుకున్నాయి. ఆ తర్వాత పారశీకులకు ఏ ఊరి గ్రీకువాడైనా ‘యౌన’నే. మనం తమిళులను అరవలు అనడం కూడా ఇలాంటిదే అంటారు. మనకు ఆనుకుని ఉన్న అరువనాడు పేరు ఆ జనం మొత్తానికీ అంటుకుందని చాలామంది చెప్పే మాట.

సైరస్ తర్వాతి పారశీక చక్రవర్తుల్లో ఒకడైన దారియస్ సుమారు క్రీ.పూ. 520లో ఇరాన్‌లోని బెహిస్తున్ కొండ మీద తన దేశాల జాబితా చెక్కించాడు. అందులో ‘యౌన’ ఉంది. ‘గదార’ కూడా ఉంది, అది మన గాంధారం. తర్వాతి శాసనాల్లో ‘హిదుష్’ చేరింది, అది సింధు. పారశీకుల నోట ‘స’ ‘హ’ అవుతుంది కాబట్టి సింధు హిందు అయింది. అయోనియా గ్రీకు యాసలో ‘హ’ పలకదు కాబట్టి అదే ‘ఇందోస్’ అయింది. మనం రోజూ అనే ‘ఇండియా’ కూడా ఈ యవనుల నోట్లోంచి ఊడిపడ్డదే.

ఇరాన్‌లోనే నఖ్షే రుస్తం అనే చోట దారియస్ సమాధి ముఖం మీద ఒక బొమ్మ ఉంది. ముప్పై మంది రెండు వరుసల్లో నిలబడి, చేతులు పైకెత్తి సింహాసనాన్ని మోస్తుంటారు. ఒక్కొక్కడూ ఒక్కో దేశంవాడు, బట్ట వేరు, టోపీ వేరు. దారియస్ ఎన్ని దేశాలు ఏలాడో తెలుసుకోవాలంటే సింహాసనం మోస్తున్న ఈ బొమ్మలను చూసుకో అని పక్కన శాసనం. ఆ జాబితాలో యవనులు రెండు రకాలు. ఒకరు మామూలు యౌనలు, రెండోవాళ్ళు ‘యౌనా తకబరా’, అంటే డాలు లాంటి వెడల్పు టోపీ పెట్టుకునే యవనులు. మాసిడోనియావాళ్ళ టోపీ అలాగే ఉండేది. దేశాలు పట్టుకున్న చక్రవర్తి జనాన్ని టోపీని బట్టి విడదీయడం నాకు భలే నచ్చుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ సింహాసనం కింద యవనుడూ ఉన్నాడు, సింధువాడూ ఉన్నాడు. క్రీ.పూ. 480లో దారియస్ కొడుకు క్సెర్క్సీస్ గ్రీసు మీదికి దండెత్తినప్పుడు, నూలుబట్టలు కట్టుకుని వెదురు విల్లులు పట్టుకున్న భారతీయులు అతని సైన్యంలో ఉన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అదే రాజు కోసం అయోనియావాళ్ళు ఓడలు నడిపారు. కాబట్టి యవనుల గురించి మనవాళ్ళకు తెలియడానికి క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సింధు దాటి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పాణిని సూత్రంలోనే యవన శబ్దం ఉంది. దాన్నుంచి ‘యవనానీ’ అవుతుంది. యవనానీ అంటే యవనుల ఆడది కాదు, యవనుల లిపి అని ఆ సూత్రం మీద కాత్యాయనుడు రాసిన వార్తికం, అంటే వివరణ.

ఇక రాయలవారి బిరుదు. గ్రీకు రాజ్యాలు పోయాక కూడా పడమటి నుంచి వచ్చేవాడికి యవనుడనే పేరు నిలిచిపోయింది. ఓడల్లో బంగారం తెచ్చి మిరియాలు పట్టుకుపోయిన రోమన్ సామ్రాజ్యపు వర్తకులు తమిళ సంగం పాటల్లో యవనర్లు. ఆ తర్వాత అరబ్బులు, తురుష్కులు. రాయల కాలానికి యవనరాజ్యం అంటే సుల్తానుల రాజ్యం. బహమనీ సుల్తానును మళ్ళీ గద్దెనెక్కించినందుకు ఆయనకు ఆ బిరుదు. మీ పిల్లవాడు వేసిన ప్రశ్న మాత్రం ఆషామాషీది కాదు.

* * *

మాస్టారూ, ఒక చిన్న పేచీ. పారశీకంలో ‘యౌన’ అన్నారు. అందులో ‘వ’ లేదు. మరి సంస్కృతానికి ‘యవన’లో ‘వ’ ఎక్కడిది? గ్రీకుల దగ్గర్నుంచి నేరుగా వచ్చిందా?

* * *

అడగాల్సిన చోటే అడిగారు. గ్రీకులో ఈ మాటకు పాత రూపం ‘ఇయావొనెస్’. ఆ మధ్యలో ఉన్న ‘వ’ హోమర్ కాలానికే జారిపోయింది. ఆయన కావ్యంలో ‘ఇయాఒనెస్’ అనే ఉంటుంది. సంస్కృత ‘యవన’లో ‘వ’ ఉందంటే ఆ పాత రూపమే మనదాకా వచ్చిందని ఒక వాదం.

రెండో వాదం ప్రాకృతం వైపు నుంచి. ‘యౌన’ ప్రాకృతంలో ‘యోన’ అవుతుంది. ప్రాకృతంలో లవణం ‘లోణ’ కదా, భవతి ‘హోతి’ కదా. ‘అవ’ వచ్చిన చోట ‘ఓ’. కాబట్టి ‘యోన’ వినగానే సంస్కృత పండితుడు లెక్క తిప్పి, దీని అసలు రూపం ‘యవన’ అయి ఉంటుందని దిద్దాడు. నా మొగ్గు ఈ వైపే. మనవాళ్ళకు ఈ అలవాటు బాగా ఉంది, దేశి మాట దొరికితే దానికో సంస్కృతం చొక్కా తొడగందే ఊరుకోరు.

ఎందుకంటే శాసనాల్లో ముందు కనిపించేది యోన రూపమే. అశోకుడి పదమూడో శిలాశాసనం, కళింగ యుద్ధం గురించి చెప్పేది, అందరికీ తెలుసు. అందులో ‘అంతియోక’ అనే యోనరాజు, అతని అవతల తురమాయ, అంతికిని, మగ, అలికసుదర అనే రాజుల పేర్లు ఉన్నాయి. అంతియోక అంటే సిరియా నుంచి ఏలిన రెండో ఆంటియోకస్. తురమాయ ఈజిప్టు రెండో టాలమీ. అంతికిని మాసిడోనియా ఆంటిగోనస్. మగ అంటే లిబియా తీరంలోని సైరీన్ రాజు మాగస్. అలికసుదర అంటే ఎపిరస్ అలెగ్జాండరా, కొరింథ్ అలెగ్జాండరా అని ఇప్పటికీ తగువే. ఈ ఐదుగురూ ఒకేసారి బతికున్న ఏళ్ళను పట్టుకునే చరిత్రకారులు అశోకుడి కాలాన్ని క్రీ.పూ. మూడో శతాబ్దం మధ్యకు బిగించగలిగారు.

అదే శాసనంలో ఇంకో చోట, తన ఏలుబడిలోని జనాల వరుస చెప్తూ, ‘యోన కంబోజ’లతో మొదలుపెట్టి కాస్త ముందుకు వెళ్ళాక ‘అంధ్ర’ అంటాడు. అంటే యోనులు బయట రాజులుగానూ ఉన్నారు, లోపల ప్రజలుగానూ ఉన్నారు, ఆ ప్రజల జాబితాలోనే మనమూ ఉన్నాం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారి పక్కన, అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ చెక్కిన బండలు ఉన్నాయి. గుత్తి కోటకు వెళ్ళేవాళ్ళలో అక్కడ దిగేవాళ్ళు ఎంతమందో!

* * *

మరి యవనిక సంగతి తేల్చలేదు. గ్రీకు నాటకాల నుంచే మనకు తెర వచ్చిందని ఎక్కడో చదివాను.

* * *

అది పందొమ్మిదో శతాబ్దపు ఊహ. ఆనాటి గ్రీకు నాటకం కొండవాలులో, ఆరుబయట ఆడేది. మన నాటకంలో పాత్ర తోసుకుని వచ్చే తెర లాంటిది వాళ్ళకు లేనే లేదు. లేని వస్తువును మనకెలా ఇస్తారు? పైగా అమరకోశం తీయండి: “ప్రతిసీరా జవనికా స్యాత్ తిరస్కరిణీ చ సా”. అక్కడ ఉన్నది ‘జ’, ‘య’ కాదు. ‘జవ’ అంటే వేగం, గబుక్కున లాగే తెర అని ఒక వ్యుత్పత్తి. ప్రాకృతంలో ‘య’ ‘జ’ అవుతుంది కాబట్టి, జవనికను చూసినవాడు ఇదేదో ప్రాకృత రూపం అనుకుని యవనిక అని దిద్దే వీలుంది. యవనుల దేశపు బట్టతో చేసినది అనేవాళ్ళూ ఉన్నారు. ఎటు చూసినా గ్రీకు రంగస్థలానికి దీనితో పని లేదు.

యవనులు మన నాటకంలో ఉన్నారు గానీ వేరే వేషంలో. శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు వేట నుంచి వస్తుంటే, విల్లులు పట్టుకుని అడవిపూల దండలు వేసుకున్న యవన స్త్రీలు చుట్టూ నడుస్తుంటారు.

వ్యాకరణంలోనూ ఉన్నారు. పాణిని వ్యాకరణానికి పతంజలి రాసిన వ్యాఖ్య మహాభాష్యంలో ఒక ఉదాహరణ: “అరుణద్ యవనః సాకేతమ్”, యవనుడు సాకేతాన్ని, అంటే అయోధ్యను, ముట్టడించాడు. తాను కళ్ళారా చూడకపోయినా లోకమంతటికీ తెలిసిన సంగతి, చూడాలనుకుంటే చూడగలిగినంత ఈమధ్యది, అలాంటి దానికి ఈ క్రియారూపం వాడాలని సూత్రం చెప్పడానికి ఇచ్చాడు. అంటే ఆ ముట్టడి పతంజలి బతికుండగా జరిగింది. క్రియకు ఉదాహరణ ఇస్తూ ఆయన మనకు చరిత్ర పేజీ ఒకటి ఇచ్చేశాడు.

* * *

జ్యోతిషంలో యవనుల మాటలు చాలా ఉన్నాయంటారు, అవి మన గ్రూపువాళ్ళకు ఇష్టం ఉండవేమో. జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు మాత్రం దాచుకోలేదు:

“మ్లేచ్ఛా హి యవనాస్తేషు సమ్యక్ శాస్త్రమిదం స్థితమ్
ఋషివత్తేఽపి పూజ్యంతే కిం పునర్దైవవిద్ ద్విజః”

యవనులు మ్లేచ్ఛులే, అయినా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా నిలిచింది, వాళ్ళనే ఋషుల్లా పూజిస్తున్నారంటే ఇక దైవజ్ఞుడైన బ్రాహ్మణుడి మాట చెప్పాలా అని. మెచ్చుకోలు ఎక్కువా, ఎత్తిపొడుపు ఎక్కువా అన్నది చదివేవాళ్ళ ఇష్టం.

* * *

ఇష్టం లేకపోవడమేంటండీ, రోజూ వాడుతూనే ఉన్నాం. కేంద్రం గ్రీకు ‘కెంట్రాన్’. ముల్లుగర్ర మొన, వలయం గీసేటప్పుడు గుచ్చే మొన అని అర్థం. కేంద్ర ప్రభుత్వం అన్న ప్రతిసారీ యవనుణ్ణి తలుచుకుంటున్నట్టే. లిప్త అంటే ‘లెప్టాన్’, సన్నటి ముక్క. జ్యోతిషంలో అది భాగలో, అంటే డిగ్రీలో, అరవయ్యో వంతు, తెలుగులో లిప్తపాటు. ద్రేక్కాణం, జామిత్రం అవీ అక్కడివే. హోర కూడా. అయితే ‘అహోరాత్ర’లో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తీసేస్తే హోర మిగులుతుందని కొందరు అంటారని వరాహమిహిరుడే బృహజ్జాతకంలో చెప్పాడు. అంటే వ్యుత్పత్తి కోసం మాటను అటూ ఇటూ కత్తిరించే అలవాటు మన గ్రూపుతో మొదలవలేదు.

డబ్బు మాట కూడా వదలొద్దు. గ్రీకు ద్రాఖ్మ సంస్కృతంలో ద్రమ్మం, అది హిందీలో దామ్, దాని పిల్ల దమ్మిడీ. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనేటప్పుడు మనం గ్రీకు నాణెమే లెక్కపెడుతున్నాం.

కత్తిరింపుల్లో రామాయణం ఇంకో మెట్టు పైన. బాలకాండలో వసిష్ఠుడి ఆవు నుంచి సైన్యాలు పుట్టే ఘట్టం ఉంది కదా, యోని నుంచి యవనులు, శకృత్తు నుంచి, అంటే పేడ నుంచి, శకులు పుట్టారట. అందులో యవనుల వ్యుత్పత్తి కుదరాలంటే వినేవాడి చెవిలో ‘యోన’ అనే ప్రాకృత రూపం మోగుతూ ఉండాలి. పైన మాస్టారు చెప్పిన రెండో వాదానికి ఇదీ ఒక చిన్న సాక్ష్యం అనిపిస్తుంది.

* * *

గ్రీకులే యవనులైతే గుజరాత్‌లోని జునాగఢ్ శాసనం మాటేమిటి? క్రీ.శ. 150లో శకరాజు రుద్రదాముడు వేయించినది. అశోకుడి తరఫున సుదర్శన తటాకానికి కాలువలు ఏర్పాటు చేసినవాడు ‘యవనరాజు తుషాస్ఫుడు’ అని ఉంది. తుషాస్ఫ అచ్చమైన ఇరానీ పేరు.

* * *

దాని మీద పండితులు ఇప్పటికీ రెండు ముక్కలే. ఇరానీ పేరు పెట్టుకున్న గ్రీకువాడని కొందరు, పడమటివాడెవడైనా యవనుడనే వాడుక అప్పటికే మొదలైందని కొందరు. శాసనం అశోకుడి తర్వాత నాలుగు వందల ఏళ్ళకు వేసినది కాబట్టి నాకు రెండోదే దగ్గరగా తోస్తుంది. కానీ అందరూ అంత వదులుగా వాడలేదు. అదే శతాబ్దంలో గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని ‘శక యవన పల్హవ నిషూదనుడు’ అంది. పల్హవులంటే ఇరాన్‌వాళ్ళు. మూడు పేర్లు మూడుగా చెప్పింది, కలిపేయలేదు.

మధ్యప్రదేశ్‌లోని బెస్‌నగర్ గరుడస్తంభం మీద హెలియొదొరుడు కూడా అంతే స్పష్టంగా చెప్పుకున్నాడు. తండ్రి దియ, ఊరు తక్షశిల, పని యోనదూత, భక్తి వాసుదేవుడి మీద. క్రీ.పూ. రెండో శతాబ్దం చివర.

* * *

మాస్టారూ, చివరగా ఒకటి. ‘లిపి’ కూడా పారశీకం నుంచే వచ్చిందన్నారు మొన్న ఒకరు. నిజమేనా?

* * *

ఎక్కువమంది ఒప్పుకునే మాటే. ప్రాచీన పారశీకంలో శాసనాన్ని ‘దిపి’ అంటారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల్లో అశోకుడి శాసనం తనను తాను ‘ధ్రమదిపి’ అనే చెప్పుకుంటుంది. మిగతా చోట్ల అదే ‘ధమ్మలిపి’. ‘లిప్’ అంటే పూయడం అనే ధాతువు పక్కనే ఉండేసరికి ద ల అయిందని అంటారు.

కర్ణాటకలో చిత్రదుర్గం వైపు బ్రహ్మగిరి శాసనం చివర రాతగాడు సంతకం పెట్టాడు. పేరు చపడ. “చపడ రాశాడు” అన్నంతవరకు అందరిలా బ్రాహ్మిలోనే చెక్కాడు. ‘లిపికరుడు’ అనే తన ఉద్యోగం పేరు వచ్చేసరికి ఖరోష్ఠిలోకి మారి, కుడి నుంచి ఎడమకు చెక్కాడు. ఖరోష్ఠి గాంధారంవాళ్ళ రాత, పారశీకుల కొలువులో నడిచిన అరమాయిక్ నుంచి పుట్టింది. ఆ కొండ మీద దాన్ని చదవగలిగినవాళ్ళు అతనితో పాటు ఇంకెవరైనా ఉన్నారో లేదో!