వాడేసిన నూనెతో బయోడీజిల్: మూడో బ్యాచ్ మజ్జిగలా అయిపోయింది, ఏం చెయ్యాలి?

ఉండి_చెరువు రాసింది:

అందరికీ నమస్కారమండి. మాది ఉండి దగ్గర, మూడెకరాల వనామీ రొయ్యల చెరువు. రాత్రిపూట కరెంటు పోతే నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగకూడదు కదా, జనరేటర్‌కి డీజిల్ పోసీ పోసీ తట్టుకోలేక ఈ ఏడాది వాడేసిన నూనెతో బయోడీజిల్ మొదలెట్టాను. మొదటి రెండు బ్యాచ్‌లూ స్వీట్ షాపు నూనె, కాజాలు, గవ్వలు వేపిన పామాయిల్. 20 లీటర్లకి 4 లీటర్ల మిథనాల్, 100 గ్రాముల కాస్టిక్ సోడా, 55 డిగ్రీల దగ్గర గంటన్నర తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున గ్లిజరిన్ నల్లబెల్లం పాకంలా దిగిపోయింది, పైన బంగారం రంగు. మూడోసారి ఆ షాపులో నూనె దొరక్క చికెన్ పకోడి బండి దగ్గర తెచ్చాను, కొలతలన్నీ అవే వేశాను. గ్లిజరిన్ రెండు వేళ్ళ మందం కూడా దిగలేదు, సరేలే అని బోరు నీళ్ళు పోసి కడిగితే డ్రమ్ము మొత్తం చిక్కటి మజ్జిగ అయిపోయింది, ఇవాళ్టికి మూడో రోజు, వేరుపడటం లేదు, ముట్టుకుంటే సబ్బు జారుడు. పారబోయాలా? లేకపోతే ఇలాగే డీజిల్లో కొంచెం కొంచెం కలిపి వాడేసుకోవచ్చా?

తణుకు_బయో:

పారబోయకండి, ఇంజన్లోకి మాత్రం ఒక్క గ్లాసు కూడా పోయకండి. కొలతలన్నీ అవే అన్నారు చూశారా, తేడా అక్కడే వచ్చింది. నూనె ఎంత కాగితే అంత పులుస్తుంది, అంటే అందులో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ పెరుగుతుంది, మీరు వేసిన కాస్టిక్ ముందు ఆ యాసిడ్ మీదకి పోయి సబ్బు అయిపోతుంది, మిగిలింది మాత్రమే నూనెని బయోడీజిల్‌గా మార్చే అసలు పనికి వస్తుంది. మీరు లీటరుకి 5 గ్రాములు వేశారు. పకోడి బండి నూనె టైట్రేషన్‌లో (నూనెలో యాసిడ్ ఎంతుందో చూసే పరీక్ష) నాకెప్పుడూ 4 పైనే చూపిస్తుంది, అంటే 4 గ్రాములు సబ్బుకే పోయి పనికి మిగిలింది ఒక్క గ్రాము. అందుకే గ్లిజరిన్ దిగలేదు. సగం మారి సగం మారని నూనె, పైన సబ్బు, వీటిలో నీళ్ళు పోసి కలిపితే మజ్జిగ కాక ఏమవుద్దండి.

ప్రతి డబ్బాకీ టైట్రేషన్ చెయ్యాలి, పది నిమిషాల పని. లీటరు బ్యాటరీ వాటర్లో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించి పెట్టుకోండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో 1 మి.లీ. నూనె, రెండు చుక్కలు ఫినాల్ఫ్తలీన్ (రంగు మారి చూపించే మందు) వేసి, సూది తీసేసిన సిరంజితో ఆ కాస్టిక్ నీళ్ళు కొంచెం కొంచెంగా వదులుతూ తిప్పండి. గులాబీ రంగు వచ్చి 15 సెకన్లు పోకుండా నిలబడితే ఆపెయ్యాలి. ఎన్ని మి.లీ. పట్టిందో 5కి అన్ని గ్రాములు కలపాలి, 4 పడితే లీటరుకి 9 గ్రాములు. ఫినాల్ఫ్తలీన్ దొరక్కపోతే ఆల్కహాల్లో నానబెట్టిన పసుపు కూడా పనిచేస్తుంది, సున్నం తగిలితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, అదే సంగతి.

ఇంకోటి, ఆ నూనెలో తడి ఉండి తీరుతుంది. మసాలా పట్టించిన కోడి ముక్కలు రోజంతా అందులో వేగుతాయి కదా. ముందు వడకట్టి, చిటపట ఆగేదాకా కాచి, ఒక రాత్రి కదపకుండా ఉంచి పైది మాత్రమే తీసుకోండి.

కాకినాడ_కెమిస్ట్రీ:

పై ఆయన చెప్పింది కరెక్టు. నేను బోరు నీళ్ళ గురించి చెప్తాను. మీ వైపు బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి సబ్బుతో కలిస్తే నీళ్ళలో కరగని తెల్లటి తెట్టు కడుతుంది, బోరు నీళ్ళతో తలంటుకుంటే జుట్టుకి పట్టేది అదే. వాన నీళ్ళు పట్టి ఉంచుకోండి, లేదా తేర్చిన కాలవ నీళ్ళు. మొదటి కడుగుడు అసలు కలపకూడదు, గోరువెచ్చటి నీళ్ళు పూలమొక్కలకి చల్లినట్టు పైనుంచి సన్నగా చల్లి వదిలెయ్యడమే.

ఇప్పుడున్న దానికి, వేడినీళ్ళలో రెండు గుప్పెళ్ళ కల్లుప్పు కరిగించి డ్రమ్ము అంచు వెంబడి మెల్లగా పొయ్యండి, డ్రమ్ముని ఎండలో పెట్టండి, కదపకండి. అప్పటికీ విరగకపోతే కొంచెం వెనిగర్, కానీ అది ఆఖరికే, వెనిగర్ సబ్బుని మళ్ళీ యాసిడ్ చేసి నూనెలోకే పంపిస్తుంది. నీళ్ళు దిగాక పైదాన్లో 3 మి.లీ. తీసి 27 మి.లీ. మిథనాల్లో వేసి కుదపండి. మొత్తం కరిగిపోతే నూనె బాగా మారినట్టు, అడుగున చుక్క నిలిస్తే ఆ చుక్క మారని నూనె.

మిథనాల్ విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నాను. లోపలికి పోతే కళ్ళు పోతాయి, ప్రాణం కూడా పోతుంది. అది 65 డిగ్రీలకే మరుగుతుంది, పగలు దాని మంట కంటికి సరిగ్గా ఆనదు కూడా. పొయ్యి దగ్గర, మూసిన గదిలో వద్దు, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా కాస్టిక్ కలపొద్దు. లైసెన్సున్న డీలర్ దగ్గరే బిల్లు మీద కొనండి. మిగిలిన గ్లిజరిన్లో కూడా మిథనాల్ ఉంటుంది, బోదెలోకి గానీ చెరువు గట్టు మీద గానీ పొయ్యకండి, మీ రొయ్యకే ముప్పు.

పాలకొల్లు_ఇంజన్లు:

నేను మెకానిక్కునండి, ఇలాంటి నూనె పోసిన ఇంజన్లు నా దగ్గరికి వస్తుంటాయి. మారని నూనె కాలక ఇంజెక్టర్ ముక్కు మీద బొగ్గు కడుతుంది, సబ్బు ఫిల్టర్‌ని మూసేస్తుంది. బాగా తయారైన బయోడీజిల్ అయినా పాత ట్యాంకు గోడల మురికి మొత్తం కడిగేసి ఫిల్టర్‌కి తెస్తుంది, కాబట్టి మొదటి నెల ఒక ఫిల్టర్ అదనంగా పెట్టుకోండి. మామూలు రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, ఉబ్బని రకం రబ్బరు, విటాన్ పైపు వేయించండి. ఇంకా మీది పామాయిల్ కదా, పుష్యమాసం తెల్లవారుజామున నెయ్యిలా పేరుకుంటుంది. చలికాలం నాలుగు పాళ్ళు డీజిల్, ఒక పాలు బయోడీజిల్ దాటొద్దు. చెరువు మీద రాత్రి ఇంజన్ స్టార్ట్ అవ్వకపోతే పోయేది ఇంజన్ కాదు, పంట.

ఉండి_చెరువు:

అందరికీ చాలా చాలా థాంక్సండి. ఉప్పునీళ్ళు పోసిన రెండో రోజు మధ్యాహ్నానికి విరిగింది, వెనిగర్ అవసరం పడలేదు. మధ్యలో తెల్లటి పొర ఒకటి మిగిలింది, అది తీసేశాను. మిగతాది వాన నీళ్ళతో రెండుసార్లు కడిగాను. పసుపుతోనే టైట్రేషన్ చేశాను, మిగిలి ఉన్న పకోడి నూనెకి 4.5 పట్టింది! మా ఆవిడ చూసి పారాణేనండి అంది. మిథనాల్ పరీక్షలో అడుగున బటాణీ గింజంత చుక్క నిలిచింది.

తణుకు_బయో:

అయితే ఇంకొంచెం నూనె మిగిలే ఉంది. తడి లేకుండా ఆరబెట్టి, ముందు ఒక్క లీటరు మీదే చెయ్యండి, మిథనాల్, కాస్టిక్ రెండూ మీరు మొదట వేసిన కొలతలో సగం సగం. చుక్క పోతే మిగతాది కూడా అలాగే. ఆ పకోడి నూనె ఇకముందు ఒంటరిగా వాడకండి, స్వీట్ షాపు నూనె మూడు పాళ్ళకి అది ఒక పాలు కలిపితే సబ్బు బాగా తగ్గుతుంది.

ఉండి_చెరువు:

లీటరు సీసాలో చేశానండి, చిన్న పొర గ్లిజరిన్ దిగింది. పైది ఉప్పునీళ్ళతో కడిగి పరీక్ష పెడితే చుక్క లేదు, సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపిస్తున్నాయి. రేపు ఎండ చూసుకుని మిగతాది చేస్తాను, విటాన్ పైపు భీమవరంలో అడిగి వచ్చాను, సోమవారం ఇస్తానన్నారు.