1938 కాండర్ ప్రయాణం: విమానం సత్తానా, అదనపు ట్యాంకుల సత్తానా?

గగనవిహారి:
ఫోకె-వుల్ఫ్ 200 కాండర్ 1938 ఆగస్టు 10న బెర్లిన్‌లో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా 24 గంటల 56 నిమిషాల్లో న్యూయార్క్‌లో దిగింది. యుద్ధానికి ముందే జర్మన్ ప్రయాణికుల విమానానికి అట్లాంటిక్‌ను దాటే శక్తి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదని నా అభిప్రాయం.

తూనికరాయి:
అందులో నలుగురు సిబ్బంది తప్ప ప్రయాణికుడు ఒక్కరూ లేరు. 26 మంది కోసం రూపొందించిన విమానంలో, జనం కూర్చోవలసిన చోట ఇంధనపు ట్యాంకులు అమర్చారు. నా కారుకు కంపెనీ చెప్పిన మైలేజీ ఏనాడూ రాలేదు. అడిగితే, అది పరీక్షలో వచ్చిన అంకె అని చెప్పి పంపించారు. అప్పటినుంచి ఎంత బరువుతో వచ్చిందో చెప్పని అంకెను నేను నమ్మను.

వాయుపథం:
తిరుగు ప్రయాణానికి పట్టింది 19 గంటల 55 నిమిషాలే. సగటు వేగం గంటకు సుమారు 255 కిలోమీటర్ల నుంచి 320కి పెరగడానికి కారణం పడమటి నుంచి వీచి వెనకనుంచి తోసిన గాలి. ట్యాంకుల గురించే మాట్లాడుతున్నారు గానీ, ఎదురుగాలిలో ఆ ఇంధనం ఎంత దూరానికి సరిపోతుందన్నది ఎవరూ అడగడం లేదు.

గగనవిహారి:
మీ కారుకూ కాండర్‌కూ సంబంధం లేదు. 1928 ఏప్రిల్‌లో కోల్, హ్యూనెఫెల్డ్, ఫిట్జ్‌మారిస్ ఒకే ఇంజిన్ ఉన్న యుంకర్స్ డబ్ల్యూ 33 ‘బ్రెమెన్’లో ఐర్లండ్ నుంచి కెనడాలోని గ్రీన్లీ దీవికి చేరినప్పుడు కూడా సరుకుకు బదులు ఇంధనమే మోసుకెళ్లారు. తూర్పు నుంచి పడమరకు విమానం ఆగకుండా అట్లాంటిక్‌ను దాటడం అదే మొదటిసారి. దాన్నీ కొట్టిపారేస్తారా?

తూనికరాయి:
బ్రెమెన్ సాహసయాత్ర, దాన్ని ఎవరూ ప్రయాణికుల సేవకు రుజువుగా చూపలేదు. లుఫ్ట్‌హన్సా 1934లో దక్షిణ అట్లాంటిక్ మీద మొదలుపెట్టిన టపా సేవను గమనించండి. నిండా ఇంధనం నింపిన డోర్నియర్ వాల్ ఎగిరే పడవ (నీటి మీద దిగే విమానం) నీటి మీదనుంచి లేవడం కష్టం కాబట్టి, ‘వెస్ట్‌ఫాలెన్’ ఓడ మీదనుంచి కాటపుల్ట్ అనే యంత్రంతో విసిరి పంపేవారు. అంత చేసినా మోసింది ఉత్తరాలనే. కాండర్ సైతం అదే 1938 నవంబరులో టోక్యోకు వెళ్లినప్పుడు బాస్రా, కరాచీ, హనోయ్‌లలో ఆగింది. తిరిగి వస్తూ డిసెంబరులో ఇంజిన్లకు ఇంధనం అందక మనీలా దగ్గర సముద్రంలో దిగవలసి వచ్చింది. నాజీ ప్రభుత్వం చాటుకున్న ఘనతను మీరు కొలత వేయకుండానే ఒప్పుకుంటున్నారు.

గగనవిహారి:
ఇప్పుడు అసలు విషయం చెప్పారు. మీ అభ్యంతరం ట్యాంకుల మీద కాదు, ఆ ప్రభుత్వం మీద. ఆ పాలన దుర్మార్గాన్ని నేనెన్నడూ సమర్థించలేదు, సమర్థించను. కానీ దాదాపు 25 గంటలు విమానాన్ని దారి తప్పకుండా నడిపిన పైలట్లు హెన్కె, ఫాన్ మోరోల నైపుణ్యాన్ని, నాలుగు ఇంజిన్లను అంతసేపు ఆగకుండా తిప్పిన మెకానిక్కుల పనిని ఆ ప్రభుత్వపు ఖాతాలో వేసి కొట్టివేయడం అన్యాయం.

నీటిరెక్క:
అమెరికా విమాన సంస్థ పాన్ అమెరికన్ వారి బోయింగ్ 314 ఎగిరే పడవ 1939 జూన్‌లో ప్రయాణికులతోనే అట్లాంటిక్ దాటింది, మధ్యలో అట్లాంటిక్‌లోని ఆజోర్స్ దీవుల్లో ఆగి.

తూనికరాయి:
నేను అడుగుతున్నది అదే. పైలట్ల నైపుణ్యాన్ని నేను తగ్గించలేదు. ఆగకుండా వెళ్లిన కాండర్‌లో ప్రయాణికులు లేరు; ప్రయాణికులను మోసిన బోయింగ్ ఆగి ఇంధనం నింపుకుంది. ఆ నలుగురితో పాటు కనీసం పదిమందిని ఎక్కించుకుని కాండర్ ఎదురుగాలిలో న్యూయార్క్ చేరగలిగేదని మీరు లెక్క వేసి చూపితే, మీరు మొదట చేసిన వాదనను అంగీకరిస్తాను.