పీవీ, ఎన్టీఆర్: మన ఇళ్లలో ఎవరి పని ఎక్కువ నిలిచింది?

ప్రశ్న: ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. నాన్న పీవీ అంటారు, బాబాయ్ ఎన్టీఆర్ అంటాడు. ఢిల్లీ పదవులు, సినిమా క్రేజ్ పక్కన పెట్టేసి, మామూలు కుటుంబాల్లో ఎవరి పని మిగిలిందో మీరు కళ్లారా చూసింది చెప్పండి.

జవాబు 1: పీవీ అనగానే అందరూ 1991 సంస్కరణల దగ్గరికే వెళ్తారు. అవి పెద్దవే, కాదనను. కానీ నాకు 1971 ముఖ్యం. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు, అంతలోనే భూపరిమితి (ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదన్న చట్టం) పట్టుకుని సొంత పార్టీలోని భూస్వాములనే ఎదురు చేసుకున్నారు, పైగా తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న నిబంధనలు చెల్లుతాయన్న ముల్కీ తీర్పు, దాంతో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం, చివరికి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. సర్వేల్‌లో గురుకులం, అంటే ప్రభుత్వ వసతి బడి, పెట్టిందీ ఆ కొద్ది కాలంలోనే. మా పెదనాన్న అక్కడే చదివాడు. ఆయన తీసుకెళ్లిన రేకుపెట్టె ఇంకా మా అటక మీదే ఉంది.

జవాబు 2: నా ఓటు ఎన్టీఆర్‌కే. కిలో 2 రూపాయల బియ్యం అందరికీ తెలిసిందే, 1984లో ఊళ్లో వంశపారంపర్యంగా పెత్తనం చేసే కరణాలు, మునసబుల వ్యవస్థ తీసేయడం కూడా. నేను చెప్పేది ఆడపిల్లల ఆస్తి హక్కు. ఆ చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. అమ్మ పెళ్లి 1982లో, పిన్ని పెళ్లి 1987లో. తాత పొలం పంచుకున్నప్పుడు మామయ్యలతో సమానంగా పిన్నికి వాటా వచ్చింది, అమ్మకి పసుపు కుంకుమల కింద చీర పెట్టి పంపారు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరి మధ్య అంత తేడా ఒక్క తేదీ వల్ల. కేంద్రం దేశమంతటికీ ఈ హక్కు ఇచ్చింది 2005లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత.

జవాబు 3: మచ్చలు కూడా చెప్పుకోవాలి కదా. 1992 డిసెంబరు 6న ప్రధాని పీవీయే, బాబ్రీ కూలుతుంటే ఆపలేకపోయారు, దాన్ని నేను మర్చిపోలేను. ఎన్టీఆర్ పార్టీనంతా తన ఒక్కడి చుట్టూ తిప్పుకున్నారు, 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేలే దూరమైతే నిలబడేవాళ్లు లేకపోయారు. అయినా 1991 నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని పీవీ మీద అభ్యర్థిని పెట్టకపోవడం, ఆ పెద్దమనసు ఇప్పుడు ఎవరిలో ఉంది చెప్పండి?

ప్రశ్న అడిగినవారు: రెండో జవాబు మా ఇంట్లో చదివి వినిపించాను. నానమ్మ అంతసేపూ మాట్లాడలేదు, తర్వాత "నా పెళ్లి 1961లో" అని మాత్రం అంది.