ప్రైమ్95 రాత్రంతా నిలిచింది, గేమ్ మెనూలో రీబూట్: ఓవర్‌క్లాక్ స్థిరమని దేన్నిబట్టి చెప్పాలి?

నీలితెర:
ఓవర్‌క్లాక్ (చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి నడపడం) మాట ఎత్తితే చాలు, ఈ తగువు మొదలవుతుంది. ఒకే చోట తేల్చుకుందాం. ఉదాహరణకు ఈ సెట్టింగులు తీసుకోండి: ఏఎండీ ఎనిమిది కోర్ల ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్, పీబీఓ (ఏఎండీ సొంత ఆటోమేటిక్ ఓవర్‌క్లాక్) ఆన్, బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ క్లాక్ పెంపు) +150 మెగాహెర్ట్జ్, కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో క్లాక్‌కి ఇచ్చే వోల్టేజీని కోసే సెట్టింగు) అన్ని కోర్లకూ -25, ర్యామ్ ఎక్స్‌ఎంపీలో (ర్యామ్ కంపెనీ ఇచ్చిన రెడీమేడ్ వేగం సెట్టింగు) 3600. ప్రాసెసర్‌ని లెక్కలతో పిండి తప్పులు పట్టే ప్రైమ్95లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ (చిన్న సైజు, బాగా వేడెక్కించే పరీక్ష) రాత్రంతా ఒక్క తప్పూ చూపదు. సినీబెంచ్ (రెండరింగ్ పరీక్ష) అరగంట పాస్. గేమ్ మెనూలో ఊరికే వదిలేస్తే మాత్రం తెర నల్లబడి రీబూట్. ప్రైమ్ పాసైందంటే ప్రాసెసర్‌లో లోపం లేనట్టే, పవర్ సప్లై చూసుకోమంటారు కొందరు. ఆట ఆగకపోతే చాలు, ప్రైమ్ ఎవరిక్కావాలంటారు ఇంకొందరు. మీరేమంటారు?

వోల్టేజీ వీరన్న:
మొదటి వాదన నిలవదు. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఎనిమిది కోర్లనీ ఒకేసారి పిండుతుంది. 5800ఎక్స్ మామూలు పీపీటీ (ప్రాసెసర్ సాకెట్‌కి అందే పవర్) హద్దు 142 వాట్లు, వేడి హద్దు 90 డిగ్రీలు. రెంట్లో ఏది ముందు తగిలినా క్లాక్ దానంతటదే దిగిపోతుంది. కాబట్టి 4.8 గిగాహెర్ట్జ్ పైన కర్వ్ ఎలా ఉందో ఆ పరీక్ష అసలు చూడనే లేదు. కూలేది సరిగ్గా అక్కడే: మిగతా కోర్లు నిద్రపోతుండగా ఒక్కటి మేలుకుని పైకి ఎగబాకే క్షణంలో.

కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్క మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. -25 అంటే 75 నుంచి 125 మిల్లీవోల్టుల కోత. అన్ని కోర్లకూ ఒకే కోత పెట్టడం ఇంకో పొరపాటు. ఏఎండీ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తున్న మేలిరకం కోర్లు అందరికంటే పైకి పరుగెడతాయి, అందుకే వాటి దగ్గర మిగులు తక్కువ. వాటికి -5తో మొదలుపెట్టండి, మిగతావాటికి -15. దీనికి సరైన పరీక్ష కోర్‌సైక్లర్: ప్రైమ్95ని ఒక్కో కోరు మీదే నడుపుతుంది. మోడ్ ఎస్ఎస్ఈ (తేలిక రకం ఆదేశాలు), సైజు హ్యూజ్, కోరుకు ఆరేసి నిమిషాలు. ఏవీఎక్స్ (బరువైన ఆదేశాలు) పెడితే వాట్లు పెరిగి క్లాక్ తగ్గుతుంది, మనకు కావలసింది అందుకు తలకిందులు. ఎనిమిది కోర్లకు ఒక చుట్టు 48 నిమిషాలు. ఒక్క చుట్టుతో సంబరపడొద్దు, రాత్రంతా వదలండి. తప్పిన కోరుకు రెండు మూడు మెట్లు వెనక్కి ఇచ్చి మళ్లీ నడపండి.

ఆటే ముఖ్యం:
వీరన్నా, నువ్వు చెప్పినవన్నీ చేస్తే ఆడేదెప్పుడు? ఇది బ్యాంకు సర్వర్ కాదు, గేమింగ్ పీసీ. ఏ గేమూ స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీలా ప్రాసెసర్‌ని కాల్చదు. దాన్ని పాస్ చేయించాలని వోల్టేజీ పెంచుకుంటూ పోతే వేడి తప్ప మిగిలేది లేదు. మనం ఆడే నాలుగు గేమ్‌లు వారం పాటు ఆగకుండా నడిస్తే నా లెక్కలో అది స్థిరమే.

ర్యామ్‌బాణం:
ఇద్దరూ ర్యామ్‌ని మరిచిపోయారు. వీరన్న గారు చెప్పిన హ్యూజ్ సైజు కాష్‌లో పట్టదు, మెమరీని కూడా తాకుతుంది. ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంచి ఆ పరీక్ష తప్పితే తప్పు కోరుదో ర్యామ్‌దో ఎలా తెలుస్తుంది? ముందు ఎక్స్‌ఎంపీ ఆపి ర్యామ్‌ని మామూలు వేగానికి దించి కోర్లు తేల్చండి. తర్వాత కోర్లన్నిటినీ సున్నాకు తెచ్చి ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ర్యామ్ తేల్చండి. రెండూ విడివిడిగా నిలిచాకే కలపాలి. 3600కి ఎఫ్‌క్లాక్ (చిప్ లోపలి భాగాల్ని కలిపే దారి క్లాక్) 1800 ఉందో లేదో చూడండి, ఎస్ఓసీ (మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీ 1.1 దగ్గర ఉంటే చాలు, వీడీడీజీ (ఆ దారికి వెళ్లే వోల్టేజీ) దానికంటే కనీసం 40 మిల్లీవోల్టులు తక్కువ ఉండాలి.

ఇంకో సంగతి. మెమరీ పరీక్ష నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా కూర్చుంటుంది. ఆటలో అదే కార్డు వేడిగాలిని నేరుగా ర్యామ్ మీదికి వదులుతుంది. టైమింగులు బిగించిన కొన్ని ర్యామ్ కర్రలు 50 డిగ్రీలు దాటగానే తప్పులు మొదలెడతాయి. టెస్ట్‌మెమ్5 (విండోస్‌లో నడిచే ర్యామ్ పరీక్ష) నడిపేటప్పుడు పక్కన గ్రాఫిక్స్ లోడు కూడా పెట్టండి. ఉట్టి మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు చూసి ర్యామ్ భేషంటే నేను నమ్మను.

వోల్టేజీ వీరన్న:
ర్యామ్‌బాణం గారి వరస సరైనదే, ఒప్పుకుంటున్నా. కానీ నీలితెర గారు చెప్పిన లక్షణానికి నా అనుమానం కోరు మీదే. ర్యామ్ తప్పితే ఎక్కువగా గేమ్ ఒక్కటే డెస్క్‌టాప్‌కి పడిపోవడం, ఫైళ్లు చెడిపోవడం, రోజుకో రకం నీలి తెర. మెనూలో ఖాళీగా ఉండి ఏ తెరా లేకుండా రీబూట్ అవడం కోరు తీరు.

ఆటే ముఖ్యం బ్రదర్‌కి: గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు షేడర్ల (గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాముల) కంపైల్ చూశావా? అది అన్ని కోర్లనీ నింపేస్తుంది. "ఆటలో అంత లోడు ఉండదు" అనే మాట అక్కడే పోయింది. ఇక చప్పుడు లేకుండా జరిగే తప్పు సంగతి. గేమ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఫైళ్లు విప్పేది ఈ ప్రాసెసరే. ఒక్క బిట్ తప్పితే ఆ తప్పు డిస్కు మీద కూర్చుంటుంది. ఫైళ్లు వెరిఫై చేసిన ప్రతిసారీ వేరే వేరే ఫైళ్లు చెడ్డవని వస్తే అనుమానం డిస్కు కంటే ముందు ప్రాసెసర్, ర్యామ్ మీద పడాలి. అదే డిస్కు మీద విండోస్ కూడా ఉందని గుర్తుంచుకో. 4,800లో 100 మెగాహెర్ట్జ్ అంటే సుమారు రెండు శాతం. గ్రాఫిక్స్ కార్డే హద్దుగా ఉన్న గేమ్‌లో అది ఫ్రేముల్లో కనపడదు. దానికోసం ఇంత జూదమా?

ఆటే ముఖ్యం:
వెరిఫై సంగతి బాగుంది, అది పట్టించుకోవాల్సిందే. కానీ స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పన్నెండు గంటల వ్రతం నేను చేయను. షేడర్ కాష్ తుడిచేసి కంపైల్‌ని మళ్లీ మళ్లీ నడిపిస్తా, పైన వై-క్రంచర్ (ఇంకో లెక్కల లోడు పరీక్ష) ఒక గంట. నాకు అది చాలు.

గుణకం:
మీరంతా రైజెన్ లోకంలో ఉన్నారు. ఇంటెల్‌లో అన్ని కోర్లకూ ఒకే గుణకం (క్లాక్ మల్టిప్లయర్) బిగించినవాళ్లకు కథ వేరు. అక్కడ క్లాక్ దిగదు, కాబట్టి ఎక్కువ లోడే అసలు పరీక్ష. బయోస్‌లో 1.35 వోల్టులు పెట్టినా లోడులో 1.27కి జారొచ్చు, కూలేది ఆ జారుడులోనే. 101 కోడుతో నీలి తెర (క్లాక్ వాచ్‌డాగ్) వస్తే తరచుగా కోరు వోల్టేజీ చాలనట్టు. అలాగని లోడ్‌లైన్‌ని (ఆ జారుడును పూడ్చే సెట్టింగు) ఒక్కసారిగా చివరికి నెట్టకండి. లోడు తీసేసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది, అది మామూలు సాఫ్ట్‌వేర్ రీడింగులో కనపడదు. మధ్య మెట్టు పెట్టి వోల్టేజీ పది పది మిల్లీవోల్టులు కలపడం మేలు. లోడ్‌లైన్ మెట్ల అంకెల్ని గుడ్డిగా కాపీ కొట్టొద్దు: ఆసుస్‌లో పెద్ద అంకె గట్టిది, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లలో 1 గట్టిది. రింగ్ (కోర్లనీ కాష్‌నీ కలిపే దారి) గుణకాన్ని కోరు కంటే మూడు నాలుగు తక్కువ ఉంచి మొదలుపెట్టండి. చాలామంది కోరునే అనుమానిస్తూ రింగ్ జోలికే పోరు.

13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 వాళ్లకు ఇంకో మాట. ఓవర్‌క్లాక్ అంతా తీసేసినా గేమ్ "వీడియో మెమరీ చాలదు" అని పడిపోతుంటే మీ సెట్టింగుల్లో వెతకడం దండగ. ఎక్కువ వోల్టేజీ వల్ల చిప్ లోపలే దెబ్బతినే సమస్య అది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే ప్రాసెసర్ సవరణ) వచ్చాయి. అవి ఇకముందు జరిగేదాన్ని ఆపడానికే, ఇప్పటికే పాడైన చిప్‌ని బాగుచేయవు. ఆ చిప్‌లకు వారంటీని ఇంటెల్ రెండేళ్లు పొడిగించింది, దాన్ని వాడుకోండి.

నీలితెర:
బాగుంది. మరి రీబూట్ అయ్యాక ఏ కోరు పడిందో పరీక్ష లేకుండానే తెలుస్తుందా? విండోస్ లాగులు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 ఒక్కటే చూసి పవర్ సప్లై మార్చేవాళ్లున్నారు. కొందరైతే బయోస్‌లో గ్లోబల్ సీ-స్టేట్స్ (ఖాళీ కోర్లను నిద్రపుచ్చే సెట్టింగు) ఆపేయమంటున్నారు.

వోల్టేజీ వీరన్న:
41 అంటే "సరిగా ఆపకుండా ఆగింది" అని మాత్రమే, కారణం చెప్పదు. దాని పక్కన డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల నమోదు) 18 ఉందేమో చూడండి. ఉంటే "కాష్ హైరార్కీ ఎర్రర్" అనీ, కింద ఏపీఐసీ ఐడీ (తప్పిన థ్రెడ్ నంబరు) అనీ కనిపిస్తాయి. ఈ ఎనిమిది కోర్ల చిప్‌లో ఎస్ఎంటీ (ఒక్కో కోరుకు రెండేసి థ్రెడ్‌లు) ఆన్‌లో ఉంటే ఆ అంకెను రెండుతో భాగించండి, శేషం వదిలేయండి: 0, 1 అయితే కోర్ 0; 10, 11 అయితే కోర్ 5. బయోస్ 0 నుంచి లెక్కపెడుతుంది, రైజెన్ మాస్టర్ 1 నుంచి. ఇక్కడ తికమకపడి బాగున్న కోరుకు వోల్టేజీ పెంచేవాళ్లు ఎక్కువ. 19 నంబరు గుట్టలుగా ఉంటే అవి సరిదిద్దుకున్న తప్పులు, ఎఫ్‌క్లాక్ ఎక్కువైందేమో చూడండి. 18, 19 రెండూ లేకుండా ఒట్టి 41 ఉండి, అదీ గ్రాఫిక్స్ లోడులోనే వస్తే అప్పుడు పవర్ సప్లై వైపు వెళ్లండి. కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించి చూస్తే తేలిపోతుంది.

సీ-స్టేట్స్ ఆపితే రీబూట్లు తగ్గుతాయి, నిజమే. కోర్లు నిద్రపోవు, దాంతో ఒంటి కోరు బూస్ట్ కూడా తగ్గుతుంది. +150 పెట్టింది దానికోసమే కదా.

ర్యామ్‌బాణం:
మెట్లు వెనక్కి ఇచ్చేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో (సెన్సర్ రీడింగుల సాఫ్ట్‌వేర్)లో ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన వేగం) కూడా చూస్తుండండి. చూపే క్లాక్ 4,850 ఉండి, పూర్తి లోడులో ఎఫెక్టివ్ 4,700 దగ్గరే ఉంటే వోల్టేజీ చాలక చిప్ తనంతట తానే క్లాక్‌ని సాగదీసి నెమ్మదిస్తోంది. అలాంటి కోరు పరీక్షలో పాసైనా స్కోరు పెరగదు.