‘నీళ్లలోన మొసలి’ పద్యంలో మనిషి ఎటువైపు?

నీళ్లలోన మొసలి నిగిడి యేనుఁగుఁ బట్టు
బైటఁ గుక్కచేత భంగపడును
స్థానబలిమి గాని తన బల్మి గాదయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఈ పద్యంలో జనం వాడుకునేది మూడో పాదం ఒక్కటే. హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో బదిలీ జరిగినా, ఏ మంత్రిగారికి పదవి పోయినా, ఎవరో ఒకరు ‘స్థానబలిమి’ అనేస్తారు. మొసలి, ఏనుగు, కుక్క ఏదో పోలిక కోసం వచ్చి వెళ్లిపోయినట్టే చదువుతాం. నాకైతే మొదటి రెండు పాదాల్లోనే అసలు సరుకు ఉందనిపిస్తుంది. వాటిని జంతువుల సంగతిగానే ఉన్నదున్నట్టు చదివితే, ఈ వరసలో మనిషిని ఎక్కడ నిలబెట్టాలి? ఏనుగు పక్కనా, మొసలి పక్కనా?

ముందు మాటలు చూద్దాం. ‘నిగుడు’ అంటే సాగు, పొడుగవు, విజృంభించు. మొసలికి ఇంతకంటే సరైన క్రియ దొరకదు. కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి కట్టెలా పడి ఉంటుంది. తోక ఒక్క విసురు విసిరి, ఒళ్లంతా సాగదీసి మీదికొస్తుంది. ‘భంగపడు’ అంటే చావడం కాదు, ఓడిపోవడం, పరువు పోవడం. అదీ సరిగ్గానే ఉంది. మొసలి కండరాలు ఒక్క ఉరుకుకు పనికొస్తాయి గానీ పొడుగాటి పరుగుకు పనికిరావు, చప్పున అలిసిపోతుంది. గట్టు మీద దాన్ని కుక్క చంపక్కర్లేదు, చుట్టూ తిరిగి మొరిగి సతాయిస్తే చాలు. ఏనుగును పట్టడం మాత్రం అతిశయోక్తే. నిండుగా ఎదిగిన ఏనుగు జోలికి మొసలి పోవడం అరుదు. గజేంద్రుడి కథ విన్న చెవులు కాబట్టి మనకు వింతగా తోచదు, అంతే.

ఇక మనిషి. వాల్ ప్లమ్‌వుడ్ అని ఆస్ట్రేలియాలో ఒక తత్త్వవేత్త ఉండేది. 1985 ఫిబ్రవరిలో కకడూ జాతీయ ఉద్యానవనంలో ఒంటరిగా చిన్న పడవలో పోతుంటే ఉప్పునీటి మొసలి వచ్చి పడవను గుద్దింది. ఆమె గట్టున ఉన్న చెట్టు కొమ్మల్లోకి దూకబోయింది. మొసలి నీళ్లలోంచి లేచి కాళ్ల దగ్గర పట్టి లోపలికి లాగింది. మూడుసార్లు గిరగిరా తిప్పి ముంచింది. ఎలాగో విడిపించుకుని, చీలిన కాలితో పాకుతూ బయటపడింది. ఆ మొసలిని చంపడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ఆ క్షణంలో తనకు కలిగింది ముందు అపనమ్మకం అని తర్వాత రాసింది. నేను మనిషిని, నేను ఇంకో జంతువుకు తిండినెలా అవుతాను అని! వేమన చెప్పిన నీళ్లలోకి మనిషి దిగితే జరిగేది ఇదే.

అంత దూరం పోనక్కర్లేదు. సంగారెడ్డి దగ్గరి మంజీరా నీళ్లు మన నగరానికి వస్తాయి. ఆ జలాశయంలో మంచినీటి మొసళ్లున్నాయి, 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. ఇక్కడ నల్లా తిప్పి బిందె పట్టుకునేటప్పుడు ఆ నీళ్లలో ఎవరి రాజ్యం నడుస్తోందో మనకు పట్టదు. అక్కడ మోకాలి లోతుకు దిగితే పడుతుంది.

వ్యాఖ్య: అన్నా, మనిషిని మరీ తక్కువ చేస్తున్నవ్. మొసలికి చెరువే స్థానం. మనిషి ఏడికి పోతే ఆడికి తన స్థానం మోసుకపోతడు. తుపాకి, టార్చి, జీపు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను తీస్‌మార్‌ఖాన్ అన్నది ముప్పై పులుల్ని కొట్టిండనే కదా?

జవాబు: అలా చెప్పుకుంటారు తమ్ముడూ. ముప్పై ఈగల్ని కొట్టినవాడి కథ కూడా ఉంది, ఆ చర్చ ఇంకోసారి పెట్టుకుందాం. నీ మాట నిజమే. ఎదిగిన చేపలను మనిషి పట్టే వేగం, సముద్రంలో వాటిని తినే మిగతా జంతువుల కంటే 14 రెట్ల దాకా ఎక్కువని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. వల, మర పడవ, మంచుపెట్టె ఉంటే నీళ్లలో దిగకుండానే పనైపోతుంది. కానీ మోసుకుపోయేది చేతిలోంచి జారిపోతే? అదే నిజాం పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారట. పులికి తుపాకీ ఉన్న రాజ్యంలోనూ పాముకు మొక్కే దిక్కయింది చూడు.

వ్యాఖ్య: సార్, మొసళ్ల దాకా ఎందుకు? 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆ భవనం ఉంది కూడా. మనుషుల్ని రోజూ వేటాడేది దోమే.

జవాబు: ఒప్పుకోలేను మేడమ్. దోమ కుట్టి పోతుంది. చంపేది అది మోసుకొచ్చే క్రిమి. ఈ పద్యంలో పట్టేదీ పట్టుబడేదీ ఎదురెదురుగా ఉంటాయి. మీరు చెప్పేదానికి సుమతీ శతకంలో ‘చలిచీమల చేత చిక్కి’ బాగా నప్పుతుంది. అక్కడ బలం గుంపుది, చోటుది కాదు.

వ్యాఖ్య: 2020 మే, లాక్‌డౌన్ టైమ్. కాటేదాన్ దగ్గర రోడ్డు మీదికొచ్చిన చిరుత వీడియో ఎవరికైనా గుర్తుందా? లారీ ఎక్కబోతున్న మనిషి కాలు పట్టింది. కాసేపటికి అదే చిరుతను వీధి కుక్కలు చుట్టుముట్టాయి. రెండో పాదం అచ్చు గుద్దినట్టు కనిపించింది నాకు.

జవాబు: గుర్తుంది, మంచి ఉదాహరణ. ఒకే రోడ్డు మీద మనిషి ఏనుగు చోట్లో ఉన్నాడు, చిరుత మొసలి చోట్లో ఉంది. ఒక్క మాట మాత్రం. ఈ పద్యం చెప్పేటప్పుడు ‘కుక్కచేత’ దగ్గర అందరూ నవ్వుతారు, ఆఫ్టరాల్ కుక్క అన్నట్టు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు నాలుగేళ్ల బాబును చంపేశాక నాకు ఆ నవ్వు రావడం లేదు. వీధి కుక్కకూ స్థానబలిమి ఉంది, దాని వీధే దాని మడుగు.

వ్యాఖ్య: అంతా బాగుంది గానీ మూడో పాదంలో ‘తన బల్మి’ అని రాశారు, అచ్చుతప్పా? మేము ‘తన బలిమి’ అనే చదువుకున్నాం.

జవాబు: తప్పు కాదండీ. ఇది ఆటవెలది. మూడో పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. ‘స్థాన – బలిమి – గాని’ సూర్యగణాలు. ‘తనబల్మి’ సలం, ‘గాదయా’ రగణం. అక్కడ ‘బలిమి’ పెడితే అయిదు లఘువులై గణం చెడుతుంది. ఒకే పాదంలో ఒకే మాట రెండు రూపాల్లో ఉండటం తమాషాగా ఉంది: స్థానానికి మూడక్షరాల బలిమి, తనకు రెండక్షరాల బల్మి. కావాలని చేశాడో, ఛందస్సు చేయించిందో! మొదటి పాదం చివర ‘యేనుఁగుఁ దీయు’ అనే పాఠం కూడా ఉంది, గణం దానికీ సరిపోతుంది. మీ స్కూలు పుస్తకంలో ‘బట్టు’ అని ఉండేదా, ‘దీయు’ అనా? ఏ తరగతిలో, ఏ జిల్లాలో చదివారో కూడా కింద రాయండి.