బొడ్డుపల్లెను... మోసపోతి: మోసం చేసిందెవరు?
(ఒక సమూహంలో జరిగిన చర్చ. మాట్లాడినవారి పేర్లకు బదులు వారి ఊరో, పేటో ఉంది.)

లబ్బీపేట:
శ్రీనాథుడి చివరి రోజుల చాటువులో ఒక పాదం వారం నుంచి నోట్లో నానుతోంది. "బొడ్డుపల్లెను ... మోసపోతి / నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు". మధ్యలో ఉన్నది గొడ్డేరియా, గొడ్డరియా? నాకు వచ్చింది గొడ్డేరి. మొన్న సత్యనారాయణపురంలో ఒక సభ అయ్యాక కాఫీల దగ్గర ఒక పెద్దాయన గొడ్డరి అని చదివారు. అర్థం అడిగితే "గొడ్డరే, ఇంకేముంది" అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. పద్యం అందరికీ నోటికి వచ్చిందే కాబట్టి మొత్తం ఎక్కించడం లేదు. బొడ్డుపల్లెలో సేద్యం చేసి, పంట పోయి, ఏడువందల టంకాల (నాణేల) శిస్తు కట్టలేక శిక్షలు పడ్డానని కవి చెప్పుకున్న సీసపద్యం, చివర తేటగీతి. ఈ ఒక్క మాట తేల్చండి చాలు.

బ్రాడీపేట:
గొడ్డేరి. గొడ్డు నేలను ఏరికోరి కౌలుకు తీసుకున్నాడు, మునిగాడు. తేల్చడానికి ఏముంది ఇందులో?

తెనాలి:
అంత ధీమా ఎందుకు మాస్టారూ. బొడ్డు గలం, పల్లెను భగణం. గొడ్డేరి అంటే తగణం, గొడ్డరి అంటే మళ్ళీ భగణం. రెండూ ఇంద్రగణాలే, తేటగీతికి రెండూ ఒకటే. యతి బొ-మో, ముకారయతి. అంటే కదలనిది "మోసపోతి", కదిలేది మీ గొడ్డు.

బ్రాడీపేట:
గణాలు మాకూ వచ్చండీ. గొడ్డరికి ముందు అర్థం చెప్పండి, తర్వాత పాఠాంతరం అందాం. అర్థం లేని పాఠాంతరాన్ని మా గురువుగారు అచ్చుతప్పు అనేవారు.

తెనాలి:
నేర్పరి, కల్లరి, జూదరి ఉన్నాయి కదా. గొడ్డరి ఎందుకుండకూడదు? గొడ్లతో బతికేవాడు, సేద్యగాడు. "బొడ్డుపల్లెలో సేద్యగాణ్ణై మోసపోయాను". కవిసార్వభౌమ బిరుదున్నవాడు తనను తాను గొడ్డరి అనుకోవడంలో ఎంత వెటకారం ఉందో చూడండి.

బ్రాడీపేట:
వెటకారం బాగుంది. నిఘంటువులో మాట చూపించండి.

కొల్లిపర:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను పండితుణ్ణి కాదు, కృష్ణ మధ్యలోని లంక భూమిలో కౌలుకు చేస్తాను. గొడ్డు పక్కన ఉన్నది ఏరువాకలో ఉన్న ఏరు అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఏరు కట్టడం అంటే అరక కట్టడం. గొడ్లను కట్టి దున్ని మోసపోయాడు. గొడ్డు నేల అన్న అర్థం మాత్రం నాకు మింగుడు పడదు. కృష్ణ ఒడ్డున గొడ్డు నేల ఎక్కడిదండీ? వరద తెచ్చిన ఒండ్రు మీద ఏం వేసినా పండుతుంది. పద్యంలోనే ఉంది కదా, "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము" అని. ఫలం వచ్చింది కాబట్టే ఆవిడ పట్టుకుపోయింది. గొడ్డు నేలైతే పట్టుకుపోవడానికి ఏముంటుంది?

తెనాలి:
భలే.

బ్రాడీపేట:
పాయింటు ఉంది. కానీ ఏరు నామవాచకం. దాని నుంచి "ఏరి" అన్న క్త్వార్థం (చేసి, చూసి లాంటి రూపం) ఎలా వస్తుంది? ఏరుకోవడం నుంచే రావాలి. పోనీ నది అంటారా, అది బండి ఱ ఉన్న ఏఱు, పైగా ఏటి అవుతుంది, ఏరి కాదు.

కొల్లిపర:
వ్యాకరణం మీరు చూసుకోండి. నాకు అసలు అనుమానం పక్క మాట మీద. మోసపోతి అన్నాడు సరే, మోసం చేసిందెవరు? నది పట్టుకుపోయింది, బిలబిలాక్షులు తినిపోయాయి. పద్యంలో దగా చేసిన మనిషి ఒక్కడూ లేడు. బొడ్డుపల్లె కరణమో, భూమిచ్చిన ఆసామో ఉంటే శ్రీనాథుడు వదిలిపెట్టేవాడా? పల్నాటి మీద చెప్పిన చాటువులో నాగులేటి నీళ్ళను, నాపరాళ్ళనే వదల్లేదు.

లబ్బీపేట:
ఇది నాకు తట్టనేలేదు. అయితే మోసపోవడం అంటే ఇక్కడ ఏమిటి?

చుట్టుగుంట:
గుంటూరు యార్డు భాషలో చెప్తాను. మా నాన్నగారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కూర్చునేవారు. రేటు పడిపోతే ఇంటికొచ్చి అనే మాట "అమ్మకుండా మోసపోయాను". తెల్లారి పక్కింటాయన కోల్డ్‌లో పెట్టిన సరుకు రేటు పెరిగితే, ముందే అమ్మేసిన మా బాబాయి "అమ్మి మోసపోయాను" అనేవాడు. ఇద్దరినీ ఎవరూ ఏమీ చేయలేదు. లెక్క తప్పింది, అంతే. శ్రీనాథుడిదీ అదే మోసం.

2025 మొదట్లో చూడండి. అంతకు ముందు రేట్లు చూసి ఊళ్ళకు ఊళ్ళు మిరప వేశాయి. ధర కూలితే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చున్న వాళ్ళను అడిగితే "ఈ ఏడు మోసపోయాం" అన్నారు. మళ్ళీ వేస్తారా అంటే "వెయ్యక ఏం చేస్తాం" అన్నారు. అదే మనిషి, పిల్లవాడికి నీటిగండం ఉందని ఎవరో జాతకంలో చెప్పారని కాలవ గట్టుకు కూడా పోనివ్వడు. ఎకరాకు లక్షలు మిరపలో పోస్తాడు, మోకాలి లోతు నీళ్ళకు భయపడతాడు!

గవర్నరుపేట:
అదే పిల్లవాడు ఇంటర్‌కి వచ్చాక హెల్మెట్ లేకుండా హైవే మీద బండి నడిపితే మాత్రం ఏమీ అనడు. జాతకంలో రోడ్డుగండం రాయరు కదా.

బ్రాడీపేట:
నవ్వులకేం గానీ, మాట అర్థం తేలాలి. మోసము అనే నామవాచకానికి అపాయం అన్న అర్థం పాత నిఘంటువుల్లో ఉంది, నేను కాదనను. కానీ "మోసపోవు" క్రియ వేరు. మోసపోవాలంటే మోసగించేవాడు ఉండాలి. చుట్టుగుంటవారి నాన్నగారి మాట వాడుకలో అర్థం జారిన మాట. పదిహేనో శతాబ్దానికి దాన్ని మోసుకుపోవద్దు.

సింగ్‌నగర్:
జారలేదండీ, మిగిలింది. "ప్రాణానికి మోసం లేదు" అని ఇప్పటికీ ఎవరైనా అంటారు. అక్కడ మోసం అంటే దగానా? 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు ఫోన్లలో అందరం వాడిన మాట అదే. కింది పోర్షన్ నీళ్ళలో ఉంది, ఫ్రిజ్ తేలుతోంది, కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం పడవ వైపు చేతులు చాపాలి. అయినా ఊళ్ళో ఉన్న అత్తయ్యతో "ప్రాణానికి మోసం లేదులే" అన్నాం.

ఒక సంగతి చెప్పాలి. ఆ ముందు రోజు వర్షంలో మా వీధివాళ్ళు భయపడింది మా గురించి కాదు, కృష్ణలంకలో ఉన్న చుట్టాల గురించి. "నది పక్కన ఉన్నారు, ఇక్కడికి వచ్చేయండి" అని పిలిచాం. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. మునిగింది మేము. నదంటే అందరికీ భయం కాబట్టి దానికి గోడ వచ్చింది. బుడమేరు ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలవ, దాన్ని ఎవరు లెక్క చేశారు? మేం మోసపోయాం అంటే అదీ. బుడమేరు మమ్మల్ని దగా చేసిందని ఎవరూ అనుకోలేదు.

తెనాలి:
చూశారా మాస్టారూ, క్రియ కూడా దొరికింది.

బ్రాడీపేట:
అదీ వాడుకే. శ్రీనాథుడి కావ్యాల్లో "మోసపోవు" ప్రయోగాలు వరసగా తీసి చూడాలి. నైషధం నుంచి మొదలుపెడతాను, కాస్త టైమివ్వండి.

గవర్నరుపేట:
మీరు తీసేలోపు నాదో మాట. అర్థం దేన్ని గురించి మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. పంటలో మోసపోయాం అంటే లెక్క తప్పిందని. పెళ్ళి సంబంధంలో మోసపోయాం అంటే ఒకటే అర్థం, అవతలివాళ్ళు దాచారని. అందులో మన అంచనా తప్పిందని ఒక్క తల్లీ ఒప్పుకోదు. అందుకే సంబంధానికి మేనమామ ఊరి నుంచి పాలవాడి దాకా వాకబు చేస్తాం. చీటీకి మాత్రం పక్కింటావిడ చేతిరాత నోటుబుక్కు చాలు, నెలకు పదివేలు కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాం. మా అపార్ట్‌మెంట్లో చీటీ పాడుకున్నాక ఒకావిడ ఇల్లు ఖాళీ చేసి పోయింది. మిగిలినవాళ్ళు ఏం చేశారో తెలుసా? వెంటనే ఇంకో చీటీ మొదలెట్టారు, ఈసారి మూడో అంతస్తు ఆవిడ దగ్గర.

లబ్బీపేట:
అయ్యా, గొడ్డేరి...

తెనాలి:
వస్తున్నాం అమ్మా. అసలు శ్రీనాథుడి జూదం సేద్యంలో లేదు, నా లెక్కలో. కొండవీట్లో పెదకోమటి వేముడి దగ్గర విద్యాధికారి. ఆ రాజ్యం పోతే రాజమహేంద్రవరం. బతుకంతా ఒక రాజు పోతే ఇంకో రాజు ఉంటాడన్న నమ్మకం. "కాశికావిశ్వేశు గలిసె వీరారెడ్డి, రత్నాంబరంబు లే రాయడిచ్చు" అని ఒక్కొక్కరినీ లెక్కపెట్టేసరికి ఇచ్చేవాడు ఎవరూ మిగల్లేదు. ఇంకో పద్యంలో శారదాంబతో (సరస్వతితో) "దీనారటంకాల దీర్థమాడించితి" అని చెప్పుకున్న మనిషి ఏడువందల టంకాలకు వెతుక్కున్నాడు. నది ఒక్క పంటే తీసుకుంది.

బ్రాడీపేట:
పోతన నయం. "సత్కవుల్ హాలికులైన నేమి" అని ముందే అరక పట్టాడు. రాజుల జోలికే పోలేదు.

కొల్లిపర:
హాలికులైన నేమి అనడం సులువండీ. శ్రీనాథుడు హాలికుడై చూశాడు, శిస్తు కట్టలేదని భుజం మీద నల్లగుండు (బరువైన రాతిగుండు) పెట్టారు. సేద్యంలో రిస్కు లేదన్నట్టు మాట్లాడితే ఎలా? మా లంకల్లో పసుపు తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది, వరద ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది. కౌలు మాత్రం ముందే కట్టాలి. మెట్ట మీద కన్నా లంకలో కౌలు ఎక్కువ, ఎందుకంటే పంటా ఎక్కువే. పంటను ముంచేదీ, ఆ ఒండ్రు తెచ్చేదీ ఒకటే నది. పోతే పంట నాది, పరిహారం పట్టా ఉన్నవాడిది. 2019 చట్టం కింద సాగుదారు పత్రం తెచ్చుకుందామంటే ఆసామి సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఉండదు. అడగాలా వద్దా అన్నది వరద కన్నా పెద్ద టెన్షన్. నేను అడగలేదు. వరదను చూస్తే కనపడుతుంది, ఆసామి మనసు కనపడదు.

అందుకే నాకు "కృష్ణవేణమ్మ" అన్న మాట ఇష్టం. మొత్తం ఊడ్చుకుపోయినా అమ్మ అనే అన్నాడు. మేమూ అంతే. పడవలో మోటార్ సైకిల్ ఎక్కించుకుని, లైఫ్ జాకెట్ లేకుండా రోజూ ఆవిడ మీదనుంచే పోతాం.

చుట్టుగుంట:
కొల్లిపరవారు చెప్పాక ఇంకేం మాట్లాడతాం. ఒకటి మాత్రం. శిక్షలన్నీ శిస్తు కట్టనందుకే కదా, పంట పోయినందుకు కాదు. మెడకు పొగడదండ, కాళ్ళకు నిగళం, ముంజేతికి వెదురుగొడియ, అన్నీ బాకీకే. ఏడునూర్లూ ముందే ఖాయం చేసిన సొమ్ము, పండినా ఎండినా అంతే. పంట రిస్కంతా కవిది, రాజుకు ఏమీ లేదు. ఆ ఒప్పందానికి ఒప్పుకోవడమే మోసపోవడం అని నా ఉద్దేశం. అంటే బ్రాడీపేట మాస్టారు అన్నట్టు అవతల మనిషి ఉన్నట్టే, పేరు చెప్పలేదంతే.

బ్రాడీపేట:
నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

తెనాలి:
మీరు మొదటి నుంచీ అన్నది గొడ్డు నేల అని.

సమూహ నిర్వాహకులు:
బొడ్డుపల్లి ఏ ఊరన్న చర్చ దయచేసి ఇక్కడ ఎత్తవద్దు. పోయినసారి రెండు మండలాలవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

సింగ్‌నగర్:
ఎవరూ ఎత్తలేదుగా!

నిర్వాహకులు:
ఎత్తబోతారని.

లబ్బీపేట:
పోనీ "బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు" అన్న పాదంలో బిలబిలాక్షులైనా తేల్చండి. పిట్టలేనా? మా ఇంట్లో పిట్టలనే చెప్పేవారు, బిలబిలమంటూ వాలతాయని.

కొల్లిపర:
ఎలుకలమ్మా. బిలంలోంచి కళ్ళు మాత్రం కనపడతాయి. పెసర చేలో గట్టు పక్కన రాత్రి టార్చి వేసి చూడండి, ఎందుకా పేరు పెట్టాడో తెలుస్తుంది.

బ్రాడీపేట:
ఎలుకలకు ఒక బిలం చాలు, రెండెందుకు? బిలబిల అన్నది అనుకరణమే. పిట్టలే.

తెనాలి:
అక్కడ ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) చూడండి, బిల-దిల. తిలలకు, అంటే నువ్వులకు, యతి కుదరాలనే బిలబిలాక్షుల్ని తెచ్చాడేమో. పెసలు మాత్రం యతిస్థానంలో లేవు, మూడు లఘువులు చాలు అక్కడ. "దిలలు మినుము" అని చదివే పాఠం ఎవరి దగ్గరైనా ఉందా? వరదలో తడిసిన నేల మీద నువ్వు, పెసర పక్కపక్కన వేస్తారా అన్నది కొల్లిపరవారే చెప్పాలి.

కొల్లిపర:
నువ్వుకు నీళ్ళు నిలిస్తే పడదు. నీళ్ళు తీసిన చేలో ఎవరూ వేయరు. అంటే నది తీసుకుపోయిన పంట ఒకటి, ఇవి తినిపోయినవి వేరే చేలో వేరే పంట అయి ఉండాలి. రెండు చోట్ల వేశాడేమో, ఒకటి పోతే ఒకటన్నా దక్కుతుందని.

బ్రాడీపేట:
ఇది కొత్త సంగతి. "ఇంత ఫలము" ఒక చేను, "తిలలు పెసలు" ఇంకో చేను అయితే "గొడ్డేరి" ఏ చేనుకు వర్తిస్తుంది?